ఇంటి మిషన్ మీద టీషర్టు కుట్టాలంటే

జాకెట్టు చక్కగా కుట్టే చేయి కూడా టీషర్టు దగ్గర తడబడుతుంది. జాకెట్టు గుడ్డ నేసింది, బనియన్ గుడ్డ అల్లింది. అల్లిన గుడ్డ సాగుతుంది కాబట్టి కుట్టు కూడా దానితోపాటు సాగాలి. మామూలు తిన్నని కుట్టుకి ఆ సాగుడు లేక, తల మీంచి తొడిగేటప్పుడు మెడ దగ్గర పటుక్కున తెగుతుంది.

టీషర్టుకి 160 నుంచి 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) కాటన్ సింగిల్ జెర్సీ, అంటే మామూలు టీషర్టుల పల్చటి అల్లిక గుడ్డ, హాయిగా ఉంటుంది. కొత్తవాళ్లకి రెండు వైపులా ఒకేలా ఉండే మందపాటి అల్లిక, ఇంటర్‌లాక్ నయం, అంచులు చుట్టుకుపోవు. ఏదైనా సరే, ముందు తడిపి, తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి. పొడవు 5 శాతం కుంచించుకుపోయినా 26 అంగుళాల టీషర్టు అంగుళంపావు పైనే పొట్టిదవుతుంది. తిరుపూరు గుడ్డ గొట్టంలా వస్తే దాని మడత గీతను నమ్మొద్దు. దగ్గరగా చూస్తే నిలువుగా సన్నటి అల్లిక వరసలు కనిపిస్తాయి, పేపర్ కటింగ్ (కొలతలకి కత్తిరించిన కాగితం నమూనా) నిలువు గీత వాటి వెంటే పడాలి. వంకరగా పడితే ఉతికాక పక్క కుట్టు తిరిగి పొట్ట మీదికి వస్తుంది.

అడ్డంగా 10 సెంటీమీటర్లు గుర్తు పెట్టి లాగండి. 13 దాకా సులువుగా సాగి, వదలగానే 10కి రావాలి. వెనక్కి రాని గుడ్డ మెడ దగ్గర జారిపోతుంది, ఎంత బాగా కుట్టినా నిలవదు.

సూది 11 నంబరు బాల్ పాయింట్, అంటే మొన గుండ్రంగా ఉండేది. గుడ్డలో లైక్రా (రబ్బరులా సాగే నూలు) ఎక్కువుండి కుట్లు తప్పుతుంటే స్ట్రెచ్ సూది పెట్టండి. మామూలు వాడి సూది అల్లిక ఉచ్చుల్ని తెంపుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు, ఉతికాక కుట్టు పక్కన చిల్లులు తేలతాయి. పాలిస్టర్ దారంతో జిగ్‌జాగ్ (అటూ ఇటూ పడే వంకర కుట్టు) వెడల్పు 0.5 నుంచి 1, పొడవు 2.5 మిల్లీమీటర్లు పెట్టండి. జిగ్‌జాగ్ లేని నల్ల మిషన్ అయితే గుడ్డను ముందూ వెనకా కాస్త బిగువుగా పట్టి, పక్కపక్కనే రెండు వరసలు వేయండి. లూజు నైటీకి అది చాలు, మెడకి చాలదు. కుట్టు అలల్లా లేస్తోందంటే గుడ్డను పైనుంచి నొక్కే ఫుట్ ఒత్తిడి ఎక్కువైనట్టే. కింద పళ్లు గుడ్డను తోస్తుంటే పైన ఫుట్ పట్టి సాగదీస్తుంది. ఒత్తిడి తగ్గించండి, లేదా కింద పల్చటి తెల్ల కాగితం పెట్టి కుట్టి చింపేయండి.

భుజం కుట్టులో సన్నని కాటన్ టేపు కలిపి కుట్టండి. టేపు పొడవు పేపర్ కటింగ్‌ని బట్టే తీసుకోవాలి, గుడ్డను కొలిస్తే అప్పటికే సాగి ఉంటుంది.

పనంతా తేలేది మెడపట్టీ దగ్గర. మెడను కత్తిరించిన అంచు మీద కాదు, కుట్టు పడే గీత మీద కొలవాలి. అది 22 అంగుళాలైతే రిబ్ (నిలువు గీతల్లా అల్లిన, బాగా సాగే గుడ్డ) పట్టీ 85 శాతం, అంటే సుమారు 18¾, అతుకుకి అర కలిపి 19¼. టీషర్టు గుడ్డతోనే పట్టీ వేస్తే 90 శాతం తీసుకోండి, అది రిబ్ అంత సాగదు. వెడల్పు 2 అంగుళాలు కత్తిరించి మడిచి, పావంగుళంలో కుట్టండి. పట్టీని, మెడను విడివిడిగా నాలుగు భాగాలు చేసి గుర్తులు కలపండి. ముందు మెడ పెద్దది కాబట్టి పక్క గుర్తులు భుజం కుట్టు మీద పడవు, కాస్త ముందుకి పడతాయి. వీపు వైపు తక్కువ సాగదీయండి, ముందు వంపులో ఎక్కువ. తొడిగాక పట్టీ ఒంటికి ఆనకుండా నిలబడితే పొడవెక్కువ, చుట్టూ మెడ కుచ్చులు పడితే తక్కువ. రెండింటికీ విప్పి కుట్టడమే మందు, ఇస్త్రీతో సర్దుకోదు.

జాకెట్టు అలవాటు కొద్దీ చేతి పైభాగం ఎత్తుగా కత్తిరించి కుచ్చు పెట్టొద్దు. చెయ్యిని పరిచి ఉన్న చంకకి ముందే అతికి, తర్వాత చేతి అడుగు నుంచి కింది అంచు దాకా ఒకే కుట్టు వేయండి. టీషర్టుకి డాట్స్ (ఒంపు కోసం మడిచి వేసే కుట్లు) ఉండవు కాబట్టి ఛాతీ నిండుగా ఉన్నవాళ్లకి ముందు అంచు పైకి లేచి, చంక నుంచి ఏటవాలు ముడతలు పడతాయి. ముందు భాగం పక్క పొడవు అర నుంచి ముప్పావు అంగుళం పెంచి, ఆ ఎక్కువను ఛాతీ ఎత్తున సర్దుతూ వీపు భాగానికి కలపండి. వెనక నడుము మీద మడతలు పోగవుతుంటే మాత్రం తప్పు చాలాసార్లు నడుముది కాదు, తుంటి దగ్గర బిగువై టీషర్టు పైకి ఎక్కుతోంది. పక్కల్లో అరంగుళం వదలండి, మడతలు జారిపోతాయి.