గొంతు తెరుచుకున్న చలికాలం

నేను కొట్టిన దెబ్బ సరిగ్గా ఎదుటి మనిషి నెత్తిమీదే పడింది. షినాయ్, అంటే వెదురు కత్తి, శిరస్త్రాణానికి తగిలిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది కూడా. అయినా ముగ్గురు రెఫరీల్లో ఒక్కరి జెండా కూడా లేవలేదు. 2009 డిసెంబరులో మన క్యోటో క్యాంపస్‌లో, జపాన్ కత్తి విద్య అయిన కెండో క్లబ్‌లో మాలో మేం పెట్టుకున్న పోటీ అది. పాయింటు ఎందుకు ఇవ్వలేదని మా సెంపాయ్‌ని, అంటే క్లబ్‌లో నా సీనియర్‌ని అడిగాను. "చెయ్యి కొట్టింది, నువ్వు కొట్టలేదు" అంది.

మన యూనివర్సిటీలో చదివిన తెలుగువాళ్ళ సంచికకి వ్యాసం రాయమని అడిగినప్పుడు ల్యాబ్ గురించి రాద్దామనే కూర్చున్నాను. రాయబోతే ఆ చెక్క నేలా, దానిమీద వినిపించిన కేకలే గుర్తొచ్చాయి.

కెండోలో తలమీద కొడితే "మెన్" అనీ, మణికట్టుమీద కొడితే "కోతె" అనీ, నడుము పక్కన కొడితే "దో" అనీ గట్టిగా అరవాలి. తగిలినంత మాత్రాన పాయింటు రాదు. నిండైన మనోబలం, సరైన భంగిమ, కత్తి అంచు పడాల్సిన తీరు, కొట్టాక కూడా సడలని జాగ్రత్త, ఇవన్నీ కలిస్తేనే అది దెబ్బ. నియమావళిలో మనోబలమే మొదట వస్తుంది. అది ఉందో లేదో రెఫరీకి తెలిసే దారి ముఖ్యంగా గొంతే. ఆ కేకనే కియాయ్ అంటారు. "కి" అంటే ప్రాణశక్తి, "ఆయ్" అంటే కలవడం. ఈ రెండు అక్షరాలనే తిరగేసి రాస్తే ఐకిదో అనే మరో జపాన్ యుద్ధవిద్య పేరులోని "ఐకి" అవుతుంది.

నాకు గొంతే లేచేది కాదు. మాది గుంటూరు జిల్లాలో పల్లెటూరు. ఆడపిల్ల నవ్వు పక్కింటికి వినపడకూడదని మా నాయనమ్మ అస్తమానం అంటుండేది. ఇరవై మూడేళ్ళు అలా పెరిగినదాన్ని, ముప్పై మంది మధ్య నిలబడి ఒక్కసారిగా అరవమంటే ఎలా వస్తుంది? "మెన్" అనబోతే గొంతు దగ్గరే ఆగిపోయేది. ఊపిరి బిగబట్టడంతో భుజాలు బిగిసేవి, భుజాలు బిగిస్తే దెబ్బ ఆలస్యమయ్యేది.

మా గురువు సెన్సేయ్ ఒకరోజు నా బొడ్డుకి రెండంగుళాల కింద వేలితో చూపించి, "కేక ఇక్కణ్ణుంచి రావాలి, గొంతు దారి మాత్రమే" అన్నారు. ఆ చోటుని తాందెన్ అంటారు. అప్పుడు నాకు మా ఊరి చాకిరేవు గుర్తొచ్చింది. బట్ట బండకేసి కొట్టిన ప్రతిసారీ "ఉస్" అని ఊపిరి వదిలేవాళ్ళు. అలా వదలకపోతే సాయంత్రం దాకా నడుం నిలబడదు. పడవలు లాగేవాళ్ళ హైలెస్సా కూడా అంతే. ఊపిరి వదిలే క్షణంలో పొట్ట బిగుస్తుంది, భుజాలు వదులవుతాయి, ఒంట్లో బలమంతా ఒకచోటికి వస్తుంది. చిన్నప్పుడు రోజూ విన్నదే, నాకు పనికొస్తుందని మాత్రం అనుకోలేదు.

జనవరిలో కాంగేకో వచ్చింది. అంటే చలికాలపు శిక్షణ, తెల్లవారకముందే మొదలవుతుంది. క్యోటో చలికి "సోకొబియె" అని ఒక మాటే ఉంది, నేల అడుగునుంచి పైకి పాకే చలి. వట్టికాళ్ళతో ఆ చెక్కమీద నిలబడితే మొదటి పది నిమిషాలు వేళ్ళు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. శిరస్త్రాణం ఇనుప కమ్మీల్లోంచి అందరి ఊపిరీ తెల్లగా బయటికి వచ్చేది. ఆ వారమంతా సెంపాయ్ నాతో కిరికాయెషి అనే వరస దెబ్బల సాధన చేయించింది. ముందు తలమీద నిండు దెబ్బ, ఆ వెంటనే కుడి ఎడమలుగా నాలుగు ముందుకి, ఐదు వెనక్కి, చివర మళ్ళీ నిండు దెబ్బ. దెబ్బ దెబ్బకీ "మెన్" అనాలి, కుడి ఎడమల తొమ్మిదీ ఒకే ఊపిరిలో అవ్వాలి. మొదటిరోజు నాలుగుకే ఊపిరి అయిపోయింది. ఐదోరోజు తొమ్మిదీ దాటి, ఊపిరి మిగిలి, చివరి "మెన్" నాలోంచి నాకు తెలియకుండానే వచ్చింది. గోడకి తగిలి తిరిగొచ్చిన ఆ గొంతు ఎవరిదా అనుకున్నాను. సెంపాయ్ ఏమీ అనలేదు, షినాయ్ దించి "ఇంకోసారి" అంది.

అరుపు ఎదుటివాణ్ణి భయపెట్టడానికేనని చాలామంది అనుకుంటారు. అదీ ఉంది. 17వ శతాబ్దపు ఖడ్గవీరుడు మియమోతో ముసాషి పోరాటానికి ముందు, మధ్యలో, తర్వాత వేసే మూడు కేకల గురించి రాశాడు. ఒంటరి పోరులో ముందు కేకతో శత్రువుని కదిలించి, ఆ వెనకే కత్తి దించాలనీ, కత్తితో పాటే అరవకూడదనీ అతని మాట. ఇప్పటి కెండోలో కేకా దెబ్బా అడుగూ ఒకేసారి పడాలి. చంపడానికి పనికొచ్చే కేక వేరు, మనిషిని తీర్చిదిద్దే కేక వేరు అని నాకనిపిస్తుంది. నాకు కావలసింది రెండోది.

మే నెలలో సెంపాయ్ నన్ను హెయాన్ గుడి పక్కనున్న బుతోకుదెన్‌కి తీసుకెళ్ళింది. 1899లో కట్టిన చెక్క మండపం అది. ఏటా జరిగే క్యోటో తైకాయ్ అనే కెండో సభలో ఎనిమిదో దాన్ అనే పెద్ద శ్రేణి వాళ్ళు తలపడటం అక్కడ చూశాను. ఆ శ్రేణి పరీక్షకి కూర్చోవాలంటేనే 46 ఏళ్ళు నిండాలి, నెగ్గేది నూటికి ఒక్కరు. డెబ్భై దాటిన ఇద్దరు పెద్దలు ఎదురెదురుగా నిలబడ్డారు. చాలాసేపు కదల్లేదు. హాలంతా నిశ్శబ్దం. ఉన్నట్టుండి అందులో ఒకాయన నేలలోంచి తవ్వి తీసినట్టు సన్నగా, లోతుగా ఒక్క కేక వేశారు. అవతలాయన షినాయ్ కొస వెంట్రుకవాసి పక్కకి జరిగింది, అంతే, దెబ్బ పడిపోయింది. పక్కనున్న సెంపాయ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

2020లో కోవిడ్ తర్వాత శిక్షణ మళ్ళీ మొదలైనప్పుడు శిరస్త్రాణం లోపల మాస్క్ కట్టుకుని, గొంతు తగ్గించుకుని ఆడాల్సి వచ్చిందని సెంపాయ్ ఉత్తరం రాసింది. "అందరం ఉన్నాం, కానీ ఎవరు ఎక్కడున్నారో తెలియడంలేదు" అని ఉంది అందులో. హైదరాబాద్‌లో అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మీలో ఎవరైనా మే మొదటి వారంలో క్యోటో వెళితే బుతోకుదెన్‌కి తప్పకుండా వెళ్ళండి. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపల గోడవారగా కూర్చుని, కాసేపు కళ్ళు మూసుకుని వినండి.