నంది అవార్డులు ఆగిపోతే నష్టం ఎవరికి

నంది అవార్డులు అనగానే చాలామంది బెస్ట్ యాక్టర్ గొడవల గురించే మాట్లాడతారు, నాకు మాత్రం లిస్టులో అడుగున ఉండే పేర్లంటేనే ఇష్టం. మేకప్, కాస్ట్యూమ్స్, సౌండ్, డబ్బింగ్. అరుంధతిలో సోనూ సూద్‌కి గొంతు ఇచ్చింది పి. రవిశంకర్ గారు, ఆ డబ్బింగ్‌కి 2008 నంది వచ్చింది. ఇప్పటికీ ఆ సినిమా పేరెత్తితే ముందు చెవిలో మోగేది ఆ గొంతే కదా, మరి తెర మీద కనపడని మనిషిని పిలిచి గవర్నమెంట్ అవార్డు ఇచ్చిందంటే ఎంత మంచి పని అది! తెలుగు సినిమా మీద రాసిన పుస్తకానికీ, క్రిటిక్‌కీ కూడా నంది ఉండేది.

1964లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టింది, ఆ పేరు లేపాక్షి బసవన్నది. ఫస్ట్ బంగారు నంది ఆదుర్తి సుబ్బారావు గారు తీసిన డాక్టర్ చక్రవర్తికి. నటులకి విడిగా ఇవ్వడం చాలా లేటు, 1977లో అమరదీపానికి కృష్ణంరాజు గారితో మొదలైంది.

రాష్ట్రం విడిపోయాక అంతా గందరగోళమే. ఏటా రావాల్సిన అవార్డులు పేరుకుపోయి, 2012, 2013వి 2017 మార్చిలో అనౌన్స్ చేశారు, మళ్ళీ అదే ఏడాది నవంబర్‌లో 2014, 2015, 2016 మూడేళ్లవీ ఒకేసారి వదిలారు. లెజెండ్, బాహుబలి, పెళ్లిచూపులు బెస్ట్ ఫిల్మ్స్. ఇంక చూడండి, టీవీల్లో వారాల తరబడి అదే రచ్చ, రుద్రమదేవిని ఎందుకు పట్టించుకోలేదని గుణశేఖర్ గారు ఓపెన్‌గానే అడిగారు, పక్షపాతం అన్నారు, కులం అన్నారు, ఆ గోలలో ఆ ఏళ్లలో ఏ ఎడిటర్‌కి వచ్చింది, ఏ ఆర్ట్ డైరెక్టర్‌కి వచ్చింది అని అడిగినవాళ్లే లేరు. అనౌన్స్ చేసిన వాటికి ఫంక్షన్ కూడా జరగలేదు. 2019లో ప్రభుత్వం మారింది, సినిమా నందుల ఊసే లేదు.

మూడేళ్లవి కలిపి ఇవ్వడమే పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం. ఏ ఏడాదివి ఆ ఏడాది ఇచ్చి ఉంటే గొడవైనా నాలుగు రోజుల్లో సర్దుకునేది, తర్వాతి ఏడాది ఇంకో కమిటీ వచ్చేది.

తెలంగాణలో గద్దర్ పేరు మీద 2025 జూన్‌లో అవార్డులు ఇచ్చారు, 2014 నుంచి వదిలేసిన ఏళ్ల బెస్ట్ ఫిల్మ్స్‌కి కూడా కలిపి ఇచ్చారు, చాలా సంతోషం. ఆంధ్రాలో మళ్ళీ నందులు పెడితే మాత్రం ముందు ఆ 2014–16 వాళ్లని స్టేజీ మీదకి పిలవాలి, హీరోల కన్నా ముందు టెక్నీషియన్లని.