ఊళ్లో ఉన్నా వచ్చేదే అన్నారు

ప్రయాగ్‌రాజ్‌లోని మిలిటరీ పెన్షన్ ఆఫీసు నుంచి డిజేబిలిటీ (వైకల్య) పెన్షన్ కలిపిన కొత్త పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు కాగితం, వచ్చాక ఇది రాస్తున్నాను. అంతకుముందు కూర్చుని ఉంటే కోపం తప్ప ఇంకేమీ రాయలేకపోయేవాణ్ణి. కోపం ఇప్పటికీ పోలేదు. కానీ రాత్రిపూట నిద్ర పడుతోంది. గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిలిటరీకి వెళ్లి, జబ్బు చేసి సర్వీసు మధ్యలో ఇంటికొచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. క్లెయిమ్ తిరస్కరించినట్టు ఉత్తరం రాగానే దాన్ని బీరువాలో పెట్టేసి ఊరుకుంటారు. వాళ్ల చేతికి ఇది చేరాలని నా ఆశ.

2015 చలికాలంలో మా యూనిట్ లద్దాఖ్‌లో ఉంది. లేహ్ పట్నమే పదకొండున్నర వేల అడుగుల ఎత్తు, మా పోస్టు దానికి చాలా పైన. పైకి పంపేముందు కింద కొన్నాళ్లు ఆపి ఒంటికి అలవాటు చేస్తారు. నాకూ పద్ధతి ప్రకారమే చేశారు, అందులో ఎవరినీ తప్పుపట్టను. అంత ఎత్తులో ఆక్సిజన్ చాలక ఒంట్లో ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. చలికి దాహం వేయదు. తాగాలంటే మంచు కరిగించుకోవాలి. ఇదంతా డాక్టర్లు తర్వాత చెప్పారు. అప్పటికి నాకు తెలిసింది ఎన్ని మాత్రలు వేసుకున్నా తగ్గని తలనొప్పి ఒక్కటే.

ఆ రాత్రి డ్యూటీ దిగి వచ్చి గ్లవ్ తీద్దామంటే ఎడమచెయ్యి కదల్లేదు. కుడిచేత్తో లాగి తీసి, ఆ చేతిని బుఖారీ (గది వెచ్చగా ఉంచే పొయ్యి) దగ్గర పెట్టాను. వెచ్చదనం తెలియలేదు. చలికి తిమ్మిరెక్కిందనుకున్నాను. కాసేపటికి వాంతి, ఆ వెంటనే ఫిట్స్. ఫిట్స్ వచ్చిన సంగతి నాకు గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి నా తల మా బడ్డీ ఒళ్లో ఉంది, నాలుక కొరుక్కున్నానేమో నోరంతా నెత్తురు. నర్సింగ్ అసిస్టెంట్ ఆక్సిజన్ పెట్టి రేడియోలో కింద ఉన్న డాక్టర్‌తో మాట్లాడుతున్నాడు. ఆ చీకట్లో, ఆ గాలికి హెలికాప్టర్ రాదు. తెల్లారేదాకా ఆగాల్సిందే.

మా బడ్డీది బీహార్. నేను నిద్రలోకి జారకుండా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. మీ ఊళ్లో ఏం పండుతుంది, ఇంట్లో ఎవరెవరుంటారు, కూతురికి ఎన్నేళ్లు. అడిగేది అర్థమవుతోంది, జవాబు చెప్పబోతే హిందీ రావడం లేదు. పదేళ్లుగా రోజూ మాట్లాడిన భాష, ఒక్క ముక్క నోటికి రాదు. తెలుగే వస్తోంది. మిరపచేను గురించీ, అమ్మ గురించీ, పాప నన్ను చూస్తే ఇంకా కొత్త పడుతుందనీ తెలుగులోనే చెప్పాను. అతనికి ఏమీ అర్థం కాకపోయినా, "హా భాయ్, హా భాయ్" అంటూ తెల్లారేదాకా విన్నాడు. నేను ఇక్కడే పోతే చివరికి ఏమన్నానో మా వాళ్లకి చెప్పేవాడు కూడా ఉండడని ఆ రాత్రి వేసిన భయం ఇంకెప్పుడూ వేయలేదు. చావు భయం కన్నా అదే ఎక్కువగా ఉంది.

పొద్దున్నే హెలికాప్టర్ వచ్చింది. లేహ్, అక్కడి నుంచి కిందికి పెద్దాసుపత్రి, ఎమ్మారై. మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలో గడ్డ కట్టిందన్నారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు, తర్వాత అందుకే వార్ఫారిన్ మాత్రలు, ఫిట్స్ మందులు. అక్కడి న్యూరో వార్డులో ఒక మలయాళీ సిస్టర్ నాకు అన్నం కలిపి తినిపించింది. ఆమె ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

వైకల్యం ఎంతో, అది సర్వీసు వల్ల వచ్చిందో కాదో తేల్చే మెడికల్ బోర్డు ఇంకోచోట జరిగింది. ఆ ఆసుపత్రి పేరు రాయను. అక్కడ ఒక అధికారి నా ఫైలు తిప్పుతూ, తల ఎత్తకుండానే, "యే తో గావ్ మే భీ హో సక్తా థా" అన్నారు. ఊళ్లో ఉన్నా వచ్చేదేనట. గుంటూరు జిల్లాలో, సముద్రానికి కాస్త ఎగువన ఉన్న మా ఊళ్లో, ఏ మంచులో కూర్చుంటే నా రక్తం చిక్కబడేది? అడుగుదామంటే అప్పటికి మాట ఇంకా తడబడుతోంది. ఆయన అన్నదే కాగితం మీదికి ఎక్కింది. వైకల్యం 40 శాతం, జీవితాంతం. కానీ సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు. మిలిటరీ వాళ్లం దాన్ని 'నానా' అంటాం. ఆ రెండక్షరాలతో నా డిజేబిలిటీ క్లెయిమ్ పోయింది. సర్వీసు పదేళ్లు దాటింది కాబట్టి జబ్బుతో పంపేసేవాళ్లకిచ్చే ఇన్వాలిడ్ పెన్షన్ మాత్రం ఇచ్చి పంపించారు.

ఇంటికొచ్చాక మొదటి గొడవ గోంగూర దగ్గర. వార్ఫారిన్ వాడేవాళ్లు ఆకుకూరలు తినకూడదని ఎవరో చెప్పారు. అమ్మ ఇంట్లోకి గోంగూర రానివ్వలేదు. గుంటూరు కొత్తపేటలో చూపించుకున్న డాక్టర్‌గారు మంచాయన. "మానేయక్కర్లేదమ్మా, ఒకరోజు గిన్నెడు, వారమంతా ఏమీ లేకుండా తినొద్దు. రోజూ ఒకే లెక్కలో తింటే చాలు, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష రెండుకీ మూడుకీ మధ్య ఉందో లేదో చూసుకుంటూ ఉందాం" అని అమ్మకి కూర్చోబెట్టి చెప్పారు. బోర్డులో నాతో ఎవరూ అలా మాట్లాడలేదు.

మా ఆవిడ అప్పట్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. వేళ్లు కదిలించమని ఫిజియోథెరపీ వాళ్లు ఇచ్చిన మెత్తటి బంతి నాకు నచ్చలేదు. కాయలు ఇంటికి తెమ్మని, ఎడమచేత్తో తొడిమలు తీయడం మొదలుపెట్టాను. మొదట్లో కాయ నలిగిపోయేది, తొడిమ ఊడేది కాదు. ఆ చేతికి స్పర్శ లేదు కాబట్టి కారం కూడా తెలిసేది కాదు. ఒకరోజు సాయంత్రం బొటనవేలు, దాని పక్క వేలు భగ్గుమన్నాయి. "ఏమండీ, కొబ్బరినూనె రాయనా" అంది మా ఆవిడ. వద్దన్నాను. ఆ మంట అలాగే ఉండాలనిపించింది. మర్నాడే అమ్మ గుణదల కొండకి వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చింది. మందు పనిచేసిందో, మాత దయో, మా ఇంట్లో దాని మీద వాదన లేదు. రెండూ నమ్ముతాం.

అప్పీలు కథ మాత్రం పొడుగు. మొదటి అప్పీలు తిరస్కరించారు, రెండోదీ తిరస్కరించారు. రెండు ఉత్తరాల్లోనూ ఒకటే వాక్యం. పెన్షన్ పనుల మీద వెళ్లిన చోట ఒకాయన, "ఏదో ఒక పెన్షన్ వస్తోందిగా బాబూ, ఇంకా ఎందుకు ఆశ" అన్నాడు. అది ఆశ కాదు. నా జబ్బుకి కారణం నా ఒళ్లేనని ప్రభుత్వం ముద్ర వేసిన కాగితం ఉంది, అది నా కూతురు చదువుతుంది.

మా వీధిలో రిటైరైన సుబేదార్ బాబాయ్ ఒకాయన చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉందనీ, ఆంధ్రా కేసులు అక్కడికి వెళతాయనీ చెప్పి వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. వకీలు నాకు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదివి వినిపించారు. 2013లో వచ్చిన ధర్మవీర్ సింగ్ కేసు. ఆయనా జవానే, ఆయన్నీ ఫిట్స్ జబ్బుతోనే ఇంటికి పంపారు. చేరేటప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయలేదంటే ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే. తర్వాత ఆరోగ్యం చెడి పంపిస్తే అది సర్వీసు వల్లేనని ముందు అనుకోవాలి. కాదంటే ఆ సంగతి రుజువు చేయాల్సింది వాళ్లే, జవాను కాదు. ఆ మాట వింటున్నప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బోర్డులో నేను అడగలేకపోయిన ప్రశ్న సుప్రీంకోర్టు అప్పటికే అడిగేసింది.

ట్రిబ్యునల్ నా వైపే తీర్పు ఇచ్చింది. 40 శాతాన్ని నిబంధన ప్రకారం 50గా లెక్కకట్టారు. నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు, నాకు అందులో సగం. పెద్ద మొత్తమేమీ కాదు, పాప ఫీజుకి సరిపోతుంది.

ఈ దారిలో ఉన్నవాళ్లకి నాకు తెలిసింది చెబుతాను. బోర్డు కాగితం, అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16, మీ దగ్గర తప్పకుండా ఉండాలి. లేకపోతే మీ రికార్డ్స్ ఆఫీసుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. చేరినప్పటి మెడికల్ కాగితాలూ అడగండి, మీరు ఆరోగ్యంగా చేరారని చెప్పేది అవే. మొదటి అప్పీలుకి ఆరు నెలల గడువు. ఏళ్లు గడిచాక కోర్టుకి వెళితే గెలిచినా బకాయిలు మామూలుగా మూడేళ్లకి మించి ఇవ్వరు. 2023 సెప్టెంబరు తర్వాత బయటికి వచ్చినవాళ్లకి కొత్త నిబంధనలు వచ్చాయి, వాళ్లు నా కేసు చూసి లెక్కలు వేసుకోకుండా వకీలుని అడగాలి. ఇంకొకటి, పెన్షన్ టెన్షన్‌లో పడి ఫిట్స్ మందు ఒక్కపూట కూడా మానొద్దు.

పొన్నూరు వైపు నుంచి ఒక కుర్రాడు పోయిన ఆదివారం ఫైలు పట్టుకుని వచ్చాడు. సియాచిన్‌లో చేసిన మనిషి, కాలి సిరలో గడ్డ. అతని కాగితం మీదా అదే 'నానా'. గడువు సంక్రాంతికి ముగుస్తుంది. బోర్డు కాపీ కోసం దరఖాస్తు పంపించాం, అప్పీలు మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాం.