ఒంగోలు కోడెదూడ: సంక్రాంతి ప్రదర్శన దాకా

మా కోడెకు పద్నాలుగు నెలలు. పక్క మండలంలో సంక్రాంతికి పెట్టిన పశు ప్రదర్శనలో పాలపళ్ల విభాగంలో, అంటే పాలపళ్లు ఇంకా ఊడని దూడల పోటీలో దింపాం, మూడో స్థానం వచ్చింది. డిగ్రీ చదువుతూ దూడను మేపే వాళ్లకు పనికొస్తాయని ఈసారి లెక్కలన్నీ రాస్తున్నాను.

మా ఊళ్లో పశువులను తూచే కాటా లేదు. టైలర్ టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తుంటి చివరి ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీస్తాను. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోల్లో సుమారు బరువు వస్తుంది. సెప్టెంబరు మొదట్లో 48, 42 వచ్చాయి, అంటే 147 కిలోలు. జనవరిలో 54, 46, అంటే 203. రోజుకు అరకిలోకి కాస్త తక్కువ. పొద్దున్నే, నీళ్లు పెట్టకముందే కొలవాలి. తల దించితే టేపు తేడా చూపిస్తుంది.

మేపు సంగతి. రోజుకు రెండు కిలోల దాణా: తవుడు, మొక్కజొన్న నూక, పత్తిగింజల చెక్క కలిపి, సగం కాలేజీ బస్సు ఎక్కేముందు, సగం సాయంత్రం. పైన 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కాస్త ఉప్పు. సూపర్ నేపియర్ పచ్చగడ్డి పది కిలోల దాకా, జొన్నచొప్ప తిన్నంత. పోటీ దగ్గరపడిందని దాణా ఒక్కసారిగా పెంచితే పొట్టలో పులుపు పెరిగి మేతే మానేస్తుంది, అందుకే వారానికి పావుకిలో మించి పెంచలేదు. ఉడికించిన ఉలవలు ఇంకా వెయ్యమని తాతయ్య గొడవ. నాకైతే కోడె ఒంట్లో కండ కావాలి గానీ కొవ్వు కాదు. పూత రాని లేత జొన్న, వానల్లేక వాడిన జొన్న మాత్రం గట్టు దాటనివ్వను. నాము, అంటే అలాంటి జొన్నలో ఉండే విషం, తగిలితే డాక్టరు వచ్చేలోపే పశువు పోతుంది.

అసలు కష్టమంతా నడక దగ్గరే. ఇంట్లో గొర్రెపిల్లలా ఉండేది, రోడ్డెక్కగానే నాలుగు కాళ్లూ పాతేసి నిలబడేది. "తాడు బిగిస్తే మొండికేస్తుందిరా, కాస్త వదిలి చూడు" అన్నాడు తాతయ్య. వదిలితే రెండడుగులు వేసింది. అడుగు వెయ్యగానే గంగడోలు కింద గోకడం, ఆగితే ఏమీ లేదు. ముక్కు కుట్టించి, పుండు పూర్తిగా మానాకే ముకుతాడు మీద నడిపించాం. తర్వాత సాయంత్రాలు రామాలయం మైకు దగ్గరికి, డప్పుల దగ్గరికి తీసుకెళ్లాను. చివరికి లారీ హారన్‌కు చెవి మాత్రం తిప్పేది.

ముందురోజు కుంకుడు రసంతో కడిగి, గంగడోలు మడతల్లో, తోక మొదట్లో పిడుదులు ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూశాను. గిట్టలకు, పొట్టి కొమ్ములకు పల్చగా నూనె.

బరిలో జడ్జి ముందుగా నలుపు చూశాడు: మూతి, కనురెప్పలు, గిట్టలు, తోక కుచ్చు. ఒంగోలు జాతిలో కుచ్చు తెల్లగా ఉంటే లోపమే. కొందరు దానికి హెయిర్ డై వేస్తారని విన్నాను, నాకది దొంగపనిగానే కనిపిస్తుంది. మాదానికి నలుపంతా సరిగ్గానే ఉంది. మూపురం, గంగడోలు కూడా బాగున్నాయన్నాడు. నడిపించి వెనకనుంచి చూసి, వెనక కాళ్లు మోకీళ్ల దగ్గర లోపలికి వాలుతున్నాయన్నాడు. అది ఎముక నిర్మాణం, మేపుతో సరికాదు. మొదటి స్థానం వచ్చిన దూడను వెనకనుంచి చూస్తే తేడా నాకూ తెలిసింది.

పాలపళ్లు ఊడి రెండు శాశ్వత పళ్లు రావడానికి ఇంకా ఏడాది పైనే ఉంది కాబట్టి వచ్చే సంక్రాంతికీ ఇదే విభాగం. ఈలోగా పేడ పరీక్ష చేయించి నట్టల మందు తాగించాలి. గాలికుంటు టీకా కూడా దగ్గరపడింది, వేయించాక రెండు మూడు రోజులు నడక ఆపేస్తాను. సెమిస్టర్ పరీక్షలూ అప్పుడే, ఆ టెన్షన్ వేరే.