కృష్ణవేణి అని పెడదామనుకునేవాళ్లకు

ఆడపిల్లకు కృష్ణవేణి అని పెడదామంటే ఇంట్లో ముందుగా వచ్చే మాట, "అది పెద్దమ్మల పేరు కదా!" అని. కాదనలేం. బెజవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఈ పేరు ఇప్పుడు వినపడేది ఎక్కువగా యాభై దాటినవాళ్లలోనే. పేరు వినగానే ఓ హెడ్మిస్ట్రెస్సు, నూలుచీర, మెడలో వేలాడే కళ్లజోడు గుర్తొస్తాయి. నాకైతే అందులో తప్పేమీ కనపడదు. ఆద్య, ఆధ్య, అద్విత, అన్విత అని వరసగా ఉన్న ఎల్‌కేజీ హాజరుపట్టీలో టీచరు తికమకపడకుండా పిలవగలిగే పేరు ఇది. ఇంటిపేరు మొదటి అక్షరం తగిలించాల్సిన పని ఉండదు.

పైగా మన ఒడ్డు పేరు. కృష్ణ పుట్టేది మహాబలేశ్వరంలో. సతారా దగ్గర మాహులిలో వెణ్ణా నది వచ్చి కలుస్తుంది, ఆ రెండూ కలిసి కృష్ణవేణి అయిందని చెబుతారు. మనకు మాత్రం మొత్తం నదికే ఆ పేరు. బెజవాడలో సంకల్పం చెప్పే పురోహితుడు "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అంటాడు. బ్యారేజీ దాటి గుంటూరు వైపు వస్తే అది "కృష్ణా కావేర్యోః మధ్యదేశే" అవుతుంది. ఎటు తిరిగినా కృష్ణ ఉంటుంది కాబట్టి పిల్ల ఈ ఒడ్డున పుట్టి ఆ ఒడ్డుకి కోడలిగా వెళ్లినా పేరు పరాయిది కాదు. దుర్గ, కనకదుర్గ కూడా ఇక్కడి పేర్లే గానీ వాటికి కొండ, మొక్కు, దసరా వెంటే వస్తాయి. ఇందులో భక్తి పాలు తక్కువ, నీళ్ల పాలు ఎక్కువ. ఒక చిక్కు లేకపోలేదు. స్కూళ్లు, మెస్సులు, అపార్టుమెంట్లు అన్నిటికీ ఇదే బోర్డు, బెజవాడలో ఒక ఘాట్ కూడా కృష్ణవేణి ఘాటే.

సినిమావాళ్లలో సి. కృష్ణవేణి ఉన్నారు. నటి, గాయని, 1949లో ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేసిన నిర్మాత. నూరేళ్లు నిండాక 2025 ఫిబ్రవరిలో పోయారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు బెజవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది కాబట్టి, ఈ ఊళ్లో ఆ రెండు పేర్ల బంధం ఇంకా తెగలేదనుకోవాలి.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు అయ్యాయి, మళ్లీ 2028లో. ఆ ఏడు ఈ పేరు చాలామందికి ఒక్కసారే గుర్తొస్తుందని నా అంచనా. క్లాసులో ఒక్కతే కృష్ణవేణి కావాలంటే అప్పటిదాకా ఆగకపోవడం మేలు.

ఇంట్లో శాస్త్రం తెలిసినవాళ్లుంటే రెండు అభ్యంతరాలు వస్తాయి. మనుస్మృతి మూడో అధ్యాయంలో నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి, పాము పేర్లున్న పిల్లను చేసుకోవద్దని ఉంది. రోహిణి, తులసి, గంగ, చిలకమ్మ, నాగమణి... ఇన్ని పేర్లు పెట్టుకుని పెళ్లిళ్లు చేసుకున్న జనం మనం, కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. రెండోది, ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసిగా ఉండాలని గృహ్యసూత్రాల మాట. కృ, ష్ణ, వే, ణి నాలుగే. అంత పట్టింపుంటే కృష్ణవేణమ్మ అని బియ్యంలో రాయించండి, అయిదవుతాయి.

నక్షత్రం సంగతి పురోహితుణ్ణి ముందే అడగాలి. మృగశిర పాదాలకు వే, వో, కా, కీ. ఆర్ద్ర మొదటి పాదానికి కు. మనం 'కృ'ని 'క్రు' అని పలుకుతాం గనక కొందరు ఆర్ద్ర కింద వేస్తారు, కొందరు 'క' ఒక్కటే చూసి మృగశిర అంటారు. మృగశిర ఒకటో పాదమైతే గొడవే లేదు, వేణి అన్న పిలుపే సరిపోతుంది.

పిలుపు కూడా వేణి అనే ఖాయం చేయండి, అదీ బారసాల నాడే. వదిలేస్తే స్కూల్లో 'కృష్ణ' అయిపోతుంది, ఆ తరవాత జీవితమంతా ఫోన్లో అవతలివాళ్లు "కృష్ణ గారున్నారా సార్?" అంటారు. రాత దగ్గర తడబడేది 'కృ'. కకారానికి వట్రసుడి ఇవ్వాలి. పిల్లలు రావత్తు పెట్టి గుడి కట్టి 'క్రి' చేస్తారు. షకారం కింద 'న' వత్తు వేయడం, చివర 'ణి' బదులు 'ని' రాయడం కూడా మామూలే. పేరు రాయడం వచ్చేసరికే ఈ మూడూ దిద్దించాలి.

అసలు జాగ్రత్త కాగితాల దగ్గర. ఇంగ్లీషులో పదకొండు అక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా రాయించండి. 'కృష్ణ' ఒకచోట, 'వేణి' ఒకచోట పడితే ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్న కాగితాల్లో వేణిని ఇంటిపేరుగా తీసుకుంటారు, అమెరికా వెళ్లిన పిల్ల అక్కడ వట్టి కృష్ణ అవుతుంది. ఇంటిపేరు మొదటి నుంచీ పూర్తిగా ఉండాలి. నాయనమ్మ కోసం నాగ, అమ్మమ్మ కోసం లక్ష్మి ముందు చేరిస్తే ఒకచోట నాగలక్ష్మి, ఇంకోచోట ఎన్ ఎల్ కృష్ణవేణి అని వస్తుంది. ముద్దుకి పిలుచుకోండి, ధ్రువపత్రంలో వద్దు.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రి నుంచి వెళ్లే వివరాల్లో పేరు గడి ఖాళీగా ఉన్నా పరవాలేదు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. అది దాటితే ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా అవకాశముంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి రుజువు ఆ పత్రమే. అందులో ఒక అక్షరం తేడా పడితే మిగతావన్నీ దాన్నే పట్టుకుపోతాయి. ఆధార్‌లో పేరు మామూలుగా రెండుసార్లకు మించి మార్చనివ్వరు.

తోడుగా చెల్లెలు పుడితే యమున, నర్మద, కావేరి బాగుంటాయి. తమ్ముడికి మాత్రం వేణుగోపాల్ అని పెట్టకండి. "వేణీ" అని కేకేస్తే ఇద్దరూ పలుకుతారు.