ఏనుగు వెనక కాలు, జగ్గన్నతోట కాలవ

గౌతమి ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని సామర్లకోటలో దింపేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. భోగి రోజు. స్టేషన్ బయట ఆటోవాళ్ళు నాలుగు తాటాకులు, ఒక విరిగిన బల్ల వేసి మంట పెట్టుకుని చుట్టూ నిలబడి ఉన్నారు. మా పాప వెళ్ళి వాళ్ళ మధ్యలో దూరి, చేతులు కాచుకుంటూ ఒక్కసారిగా పాట ఎత్తుకుంది. మాటలు దానికీ తెలియవు, మాకూ తెలియవు, జులూ భాష. 'లయన్ కింగ్' సంగీత నాటకం మొదట్లో, తెర లేవగానే వచ్చే కేక అది. ఇదిగో సింహం వస్తోంది అని దాని అర్థమట.

"పొద్దున్నే మొదలెట్టిందిరా నీ కూతురు" అన్నాడు బావ.

మా ఇంట్లో ఆ నాటకం చూసినవాళ్ళం నలుగురం. అమ్మ, పాప, నేను 2019లో లండన్‌లో, లైసియం థియేటర్‌లో చూశాం, అప్పటికి పాపకి ఐదేళ్ళు. బావ ఆఫీసు పని మీద న్యూయార్క్ వెళ్ళినప్పుడు అక్కడ చూశాడు. చూసింది ఒకటే నాటకం అయినా నలుగురికీ నాలుగు గుర్తున్నాయి, కలిసినప్పుడల్లా దాని మీద గొడవే. అక్క రెండురోజుల ముందే అంబాజీపేట దగ్గర మా మేనత్త వాళ్ళింటికి వెళ్ళిపోయింది కాబట్టి ఈసారి సర్దిచెప్పేవాళ్ళు కూడా లేరు.

కారు ఎక్కాక డ్రైవర్‌తో ముందు మాధవపట్నం పోనిమ్మన్నాను. కాకినాడ వెళ్ళే దారిలోనే, పక్కనే. తోలుబొమ్మలాట కుటుంబాలున్న ఊరు. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రాత్రంతా ఆట చూసి, తెల్లారాక చాప చుట్టుకుని ఇంటికి వచ్చేదట. నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు వస్తే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్ళట. బావకి మాత్రం కాఫీ కావాలి.

మేం వెళ్ళిన ఇంటి పెద్దాయన పండగ పూట వచ్చారేంటని విసుక్కోలేదు సరికదా, అమ్మకి కుర్చీ వేసి లోపలికెళ్ళి చుట్టచుట్టిన తోలు ఒకటి తెచ్చారు. విప్పితే హనుమంతుడు, ఇంచుమించు మా పాపంత పొడుగు. పగలు కదా, తెర లేదు, దీపం లేదు. ఆయన గుమ్మంలో నిలబడి బొమ్మని ఎండకి అడ్డంగా పట్టుకున్నారు. అంతే, గచ్చు మీద ఎరుపు, పచ్చ రంగులు పడ్డాయి. మేకతోలుని పల్చగా గీకి, రెండువైపులా రంగులేస్తారు కాబట్టి మన బొమ్మ నీడకి కూడా రంగు ఉంటుంది. ఆ రంగుల నీడ పక్కనే ఆయన చెయ్యి నీడ, మామూలు నల్ల నీడ. పాప రెండూ చూసి, "నాన్నా, ఎలుక!" అంది.

ఎలుక సంగతి మా నలుగురికే అర్థమవుతుంది. నాటకంలో విలన్ సింహం ఉంటాడు, స్కార్. వాడు పట్టుకునే ఎలుక మొదట నీడబొమ్మగానే కనపడుతుంది. ఆ నాటకానికి దర్శకురాలు జూలీ టేమర్. ఆవిడ 1970ల్లో ఇండోనేషియా వెళ్ళి కొన్నేళ్ళు ఉండి అక్కడి ముసుగులు, బొమ్మలాటలు చూసొచ్చిన మనిషి. అక్కడి తోలుబొమ్మలు ఆడేదీ రామాయణ భారతాలే. 1994లో వచ్చిన కార్టూన్ సినిమాని 1997లో స్టేజీ మీదకి తెచ్చినప్పుడు జంతువుల వేషాలతో మనుషుల్ని దాచెయ్యకుండా, ముసుగు తలపైన ఉంచి మొహం కింద కనపడేలా పెట్టింది. సింహమూ కనిపించాలి, ఆడే మనిషీ కనిపించాలి. ఆ దెబ్బకి 1998లో సంగీత నాటక దర్శకత్వానికి టోనీ అవార్డు అందుకున్న మొదటి మహిళ అయింది. నేను ఇదంతా కారులో చెబుతుంటే బావ కాకినాడ కాజా తింటూ, "బట్టలు సరిపోక మొహాలు వదిలేశారేమో అనుకున్నాను" అన్నాడు.

కాకినాడ దాటి తాళ్ళరేవు మీదుగా యానాం. యానాం వస్తే డ్రైవర్లందరికీ పెట్రోలు గుర్తొస్తుంది, పుదుచ్చేరి కిందకి వస్తుంది, రేటు తక్కువ కదా. ట్యాంకు నింపేలోగా వాదన బాగా ముదిరింది. పాపకి గుర్తున్నది అడవిదున్నల తొక్కిసలాట. వెనక్కాల దున్నల బొమ్మలున్న తెర గిరగిరా తిరుగుతుంటుంది, దాని ముందు చిన్న ముసుగులు, వాటి ముందు ఇంకా పెద్దవి, ఆఖరికి మనుషులు మోసే భారీ ముసుగులు మన మీదకి వచ్చేస్తాయి. ఎక్కడో దూరం నుంచి మంద వచ్చి పడినట్టే ఉంటుంది. అప్పుడు పాప నా చొక్కా కాలర్ పట్టుకుని వేలాడింది, ఒక గుండీ ఊడింది కూడా. నాకు గుర్తున్నది నీళ్ళు ఎండిపోవడం. స్టేజీ మధ్యలో గుండ్రంగా పరిచిన నీలం పట్టు గుడ్డ చిన్న కన్నంలోకి మెల్లగా జారిపోతుంది, అంతే కరువు. ఏప్రిల్లో కాలవలు కట్టేస్తే గట్టు మీద నిలబడి చూసినవాడికి ఆ గుడ్డ చాలు. ఆడసింహాలు ఏడిస్తే కళ్ళలోంచి తెల్ల రిబ్బన్లు వస్తాయి. ఇక్కడ బావ నవ్వాడు, నాకు కోపం వచ్చింది.

అమ్మది వేరే. తనకి కథే సరిగ్గా గుర్తులేదు. మోకాళ్ళ నొప్పులని నేను ఆవిడకి నడవ పక్క సీటు తీసుకున్నాను, అంతకుమించి నాకేం ఆలోచన లేదు. మొదటి పాటకే వెనక తలుపుల్లోంచి జంతువులు జనం మధ్య నుంచి నడిచి రావడం మొదలెట్టాయి. పక్షులు, లేళ్ళు, ఆఖరున ఏనుగు. నాలుగు కాళ్ళలో నలుగురు మనుషులు. కొందరు లేచి నిలబడ్డారు, నా పక్కన ఒక పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, నేనూ ఏడ్చాను, ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆ ఏనుగు వెనక కాలు అమ్మ శాలువాకి రాసుకుంటూ పోయింది.

"లోపలి పిల్లోడి ఊపిరి వినపడింది నాకు" అంటుంది అమ్మ. "బరువు మోస్తున్నవాడి ఊపిరి. పాపం, రోజూ మోస్తాడు కాబోలు."

ఐదేళ్ళుగా ఇదే మాట. బావ ఐదేళ్ళుగా ఒప్పుకోడు. "ఏనుగు జనంలోంచి రాలేదు అత్తయ్యగారూ, స్టేజీ మీదే తేలింది. నేను నా కళ్ళతో చూశాను."

ఎదుర్లంక వంతెన మీద, కింద గౌతమి వెడల్పుగా పరుచుకుని ఉండగా, నాకు అప్పుడు తట్టింది. "బావా, మీరు ఎక్కడ కూర్చున్నారు?" అనడిగాను. పై అంతస్తులో, చివరి వరసల్లోనట. చవగ్గా దొరికిందని. అక్కడి నుంచి కింద నడవ కనపడదు! ఏనుగు మెట్లెక్కాకే ఆయనకి కనపడింది. సగం మొదటి పాట ఆయన చూడనే లేదన్నమాట. మురమళ్ళ, ముమ్మిడివరం, అమలాపురం దాటేదాకా బావ కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాడు.

సంక్రాంతి రోజు గురించి రాయడానికేం లేదు. తిన్నాం, పడుకున్నాం.

కనుమ నాడు జగ్గన్నతోట. మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అది, గుడి లేదు, గోపురం లేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, ప్రభల మీద వచ్చి అక్కడ కలుస్తారు. వెదురు బద్దలతో కట్టి, రంగు గుడ్డలు, పూలు, నెమలి ఈకలు వేసిన ప్రభలని మనుషులు భుజాల మీద మోసుకొస్తారు, చేలు అడ్డమొస్తే చేలల్లోంచే. నాట్లు తొక్కేశారని ఏ రైతూ అనడు, వచ్చిందే భాగ్యం అనుకుంటాడు. 2023 రిపబ్లిక్ డేకి ఆంధ్రప్రదేశ్ ఢిల్లీలో నడిపిన శకటం ఈ ప్రభల తీర్థమే. టీవీలో చూసి ముచ్చటపడ్డాను కానీ, బురద లేని ప్రభ ఏం ప్రభ.

మా మేనత్త ముందే చెప్పింది, తోటలోకి కాదు, కౌశిక కాలవ గట్టుకి పొండి, గంగలకుర్రు ప్రభలు నీళ్ళలోంచి దాటుతాయి అని. గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. అమ్మని ఎవరో "ఇలా రండమ్మా, ఆయ్, కూర్చోండి" అని ఒక రాయి చూపించి కూర్చోబెట్టారు. పాప బావ భుజాల మీద ఎక్కింది. డప్పులు దగ్గరపడ్డాయి. "అశరభ శరభ!" అని ఒక్క కేక, ప్రభ గట్టు దిగి నీళ్ళలోకి వచ్చేసింది. మోసేవాళ్ళకి ఛాతీ దాకా నీళ్ళు. పైన ప్రభ ఒక పక్కకి ఒరిగింది, గంట మోగింది, గట్టు మీద జనమంతా ఒకేసారి అరిచాం. కింద పది పదిహేను తలలు, దవడలు బిగించి, మెడ నరాలు తేలి. మళ్ళీ నిలబెట్టారు. ఇటు గట్టు ఎక్కేటప్పుడు జనం దారి ఇవ్వడానికి వెనక్కి జరిగితే, బావ జరగలేక పాపతో సహా అక్కడే ఉండిపోయాడు. ప్రభ ఆయన పక్క నుంచే పోయింది. వెనక వరసలో ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, బావ చేతికి రాసుకుంటూ వెళ్ళాడు.

అమ్మ రాయి మీద నుంచి ఇదంతా చూస్తోంది. ఏమీ అనలేదు. జీళ్ళ పొట్లం విప్పి నాకొకటి ఇచ్చింది.

బావ పాపని దింపాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద, ఒక చెప్పు లేదు. తోట వైపు వెళ్ళిపోతున్న ప్రభని చూస్తూ నా దగ్గరికొచ్చి, అమ్మకి వినపడకుండా అడిగాడు.

"ఒరేయ్, ఆ నడవ పక్క సీటు ఎంతవుతుంది?"