5000 ఏళ్ల డొంక మీద సైకిల్

ఇంగ్లండ్‌లో స్విండన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకి ఎం4 రోడ్డు గురించి కొత్తగా చెప్పాల్సిందేం లేదు, ఏ సర్వీసెస్‌లో కాఫీ తాగొచ్చో ఎక్కడ ట్రాఫిక్ ఆగిపోతుందో అందరికీ నోటికొచ్చు. అదే రోడ్డు మీద పోతూ దక్షిణం వైపు చూస్తే పచ్చటి గట్టు ఒకటి కనబడుతూ ఉంటుంది కదా, దాని మీద ఇంకో దారి ఉంది. రిడ్జ్‌వే. మనుషులు 5000 ఏళ్లుగా నడుస్తున్న దారి అంటారు. ఏవ్‌బరీ దగ్గర ఓవర్టన్ హిల్‌లో మొదలై ఐవింగ్‌హో బీకన్ దాకా 87 మైళ్లు పోతుంది. పడమటి సగం, అంటే స్ట్రీట్లీ దగ్గర థేమ్స్ నది తగిలే దాకా, సైకిళ్లని రానిస్తారు. నది దాటాక చాలా భాగం నడిచేవాళ్లకే.

మా అక్కావాళ్లది స్విండనే. బావ ఈ మధ్య మట్టి దారుల మీద తొక్కే గ్రావెల్ బైక్ ఒకటి కొన్నాడు, దాని అసలు ధర అక్కకి ఇంకా తెలీదు. నాకు గరాజ్‌లో మూలన పడున్న పాత మౌంటెన్ బైక్ ఇచ్చి, "గట్టు మీద దారి బావమరిదీ, ఎక్కడం దిగడం ఏమీ ఉండదు, హాయిగా పోతాం" అన్నాడు. గట్టు మీదికి వెళ్లాక ఎక్కడం పెద్దగా లేని మాట నిజమే. ముందు ఆ గట్టు ఎక్కాలి కదా! వాన్‌బరో దాటి ఫాక్స్‌హిల్ చేరేసరికి నాకు మాట పడిపోయింది, బావ మాత్రం ఫోన్‌లో గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసుకుని సంబరపడుతున్నాడు.

ఇంగ్లండ్ పల్లెటూళ్ల ఫొటోల్లో అంతా మెత్తగా, దుప్పటి పరిచినట్టు కనబడుతుంది. టైరు కింద అంత మెత్తగా ఏమీ ఉండదు. ఇది సుద్ద నేల. ఎండితే తెల్లగా గట్టిగా బాగానే ఉంటుంది, వాన పడితే జిడ్డులా జారుతుంది, చక్రానికి పట్టుకుని ఫోర్కు దగ్గర ముద్దలుగా పేరుకుంటుంది. దాంట్లో చెకుముకి రాళ్లు, విరిగిన చోట కత్తి అంచులే. పైగా ట్రాక్టర్లు, జీపులు దిగబడి చేసిన లోతైన జాడలు గట్టిపడిపోయి ఉంటాయి, ఒకసారి చక్రం అందులో పడితే ఆ జాడ ఎటు పోతే అటు పోవాల్సిందే.

వేలాండ్స్ స్మిథీ అనే రాతియుగపు సమాధి దగ్గర కాసేపు ఆగాం. బీచ్ చెట్ల మధ్య నిలువెత్తు రాళ్లు. గుర్రాన్ని అక్కడ కట్టేసి ఒక నాణెం పెట్టి వెళ్తే తెల్లారేసరికి ఎవరికీ కనబడని కమ్మరి నాడాలు కొట్టి ఉంచేవాడని కథ. సైకిల్‌కి కూడా చేస్తాడేమో అని బావ ఒక పెన్నీ తీశాడు, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

తర్వాత అఫింగ్టన్ తెల్ల గుర్రం. ఇంత దూరం వచ్చిందే దాని కోసం, తీరా దాని పక్కన నిలబడితే గుర్రం కనబడదు. గడ్డిలో తెల్లటి వంపు గీతలు కొన్ని కనబడతాయి, అంతే. 110 మీటర్ల బొమ్మ, సుమారు 3000 ఏళ్ల నాటిది, పూర్తిగా చూడాలంటే కింద లోయలోకి దిగి దూరంగా పోవాలి. నాకు చిరాకేసింది. అయినా ఒక విషయం మెచ్చుకోవాలి. వదిలేస్తే ఈ బొమ్మని గడ్డి కప్పేస్తుంది. అందుకని ఏళ్ల తరబడి జనం వచ్చి కలుపు తీసి, కొత్త సుద్ద పోసి, సుత్తులతో కొడుతూ నిలబెట్టుకుంటూ వస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలకి ఆనవాలు కాకుండా దీన్ని కప్పేశారట కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. గట్టు మీద తిండి దొరకదు, ఊళ్లన్నీ కిందే. ఆకలేసి బార్లీ చేల మధ్య నుంచి కిందికి దిగే ఒక దారి పట్టాం. ముందు వచ్చిన గుంజ మీద పసుపు బాణం ఉంది, అంటే నడిచేవాళ్లకే, సైకిల్ తొక్కకూడదు. బావ "ఎవరు చూస్తారులే" అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. ఇంకొంచెం ముందుకెళ్తే నీలం బాణం దొరికింది. అది బ్రిడిల్‌వే, గుర్రాల దారి, 1968 చట్టం వచ్చినప్పటి నుంచి సైకిళ్లకీ అనుమతి ఉంది, కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రాలకీ మనమే దారివ్వాలి.

ఆ నీలం బాణం సరిగ్గా చేలోకే చూపిస్తోంది. మోకాలి ఎత్తు బార్లీ. దాని నడి మధ్య నుంచి, ఎవరో తాడు పట్టి గీసినట్టు, రెండు మీటర్ల వెడల్పున ఖాళీ దారి అవతలి చేను గట్టు దాకా పోతోంది. ఆ పైరు ఎవరిదో, ఆ భూమి ఎవరిదో, మేము మాత్రం దర్జాగా దాని మధ్యలోంచి సైకిళ్లేసుకుని పోవచ్చు. నాకు కాళ్లు ఆడలేదు. మన ఊళ్లో అయితే ఎవరి చేలోనైనా అడుగు పెడితే చేను గట్టు మీద నుంచి కేక వినబడాలి కదా!

కేక వినబడలేదు గానీ అవతలి గేటు దగ్గర ఆ రైతే ఎదురయ్యాడు, నాలుగు చక్రాల బండి మీద, వెనకాల కుక్క. నేను ముందే సారీ చెప్పబోయాను. ఆయన గేటు తీసి పట్టుకుని "మార్నింగ్" అన్నాడు, అప్పటికి మధ్యాహ్నం అయింది. బావ ఊరుకోకుండా అడిగేశాడు, ఇంత పంట పోతుంది కదా మీకు కోపం రాదా అని. దారి మీద కోపం లేదట ఆయనకి, గేటు తీసి వేయకుండా పోయేవాళ్ల మీద, గొర్రెల మధ్య కుక్కల్ని వదిలేవాళ్ల మీద ఉంది. దాని మీద ఓ పది నిమిషాలు దంచాడు. దున్నినప్పుడు దారి చెరిగిపోతే రెండు వారాల్లోపు మళ్లీ సరిచేసి ఇవ్వాలి, అది చట్టం. ఇప్పుడు ఆ గీత ట్రాక్టర్ జీపీఎస్‌లోనే పెట్టుకున్నాడట, దానంతటదే పోతుంది. కౌంటీ కౌన్సిల్ దగ్గర ఉన్న మ్యాప్‌లో గీత ఉంటే నేల మీదా ఉండాలి, దాని మీద వాదన లేదు అన్నాడు.

పల్నాడులో మా పొలానికి పోయే డొంక కూడా మ్యాప్‌లో ఉంది. తాత రోజుల్లో రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పోయేవట, అటూ ఇటూ బ్రహ్మజెముడు. నా చిన్నప్పటికి ఒక బండి పట్టేది. తర్వాత ఒకాయన ఓ సాలు, ఇంకొకాయన రెండు సాళ్లు కలుపుకుంటూ మిరప వేసుకున్నారు, నేను ఇంజనీరింగ్‌లో చేరేటప్పటికి నాన్న మోటార్ సైకిల్ రోడ్డు మీదే వదిలేసి మందు డబ్బాలు భుజాన వేసుకుని నడిచేవాడు. మండలాఫీసుకి తిరిగాడు, సర్వేయర్‌ని తెచ్చాడు, గొలుసు లాగించాడు, రాళ్లు పాతించాడు. వారం తిరిగేసరికి రాళ్లు లేవు. చివరికి పక్కవాళ్లతో మాటల్లేకుండా పోయాయి గానీ డొంక మాత్రం రాలేదు. ఆ బార్లీ చేలో గేటు పట్టుకుని నిలబడి ఇదంతా గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలీదు.

పబ్‌లో శాకాహారం అంటే కాల్చిన బంగాళాదుంప మీద బీన్స్. పదకొండు పౌండ్లు! బంగాళాదుంప ఒక్కటే. బావ చిప్స్ కూడా చెప్పాడు, అంటే మళ్లీ బంగాళాదుంపే. తిన్నాక మళ్లీ గట్టెక్కాలి, ఈసారి నేను సిగ్గుపడకుండా తోసుకుంటూ నడిచాను.

మధ్యాహ్నం తర్వాత ప్రయాణం సాఫీగానే సాగింది. స్పార్‌షోల్ట్ ఫర్స్ దాటాక దారి పక్కన ఒక కుళాయి ఉంది, చిన్నతనంలోనే పోయిన ఒక పిల్లవాడి జ్ఞాపకంగా పెట్టింది. గట్టు మీద నీళ్లు దొరికే చోట్లు బహు తక్కువ కాబట్టి వెళ్లేవాళ్లు గుర్తు పెట్టుకోండి. లాంబోర్న్ వైపంతా పందెపు గుర్రాల ఊళ్లు, ఓ చోట గుర్రం మీద ఒకావిడ ఎదురైతే దిగి పక్కకి నిలబడ్డాం. గంట కొట్టొద్దు, నోటితో పలకరించండి, మనిషి గొంతైతే గుర్రం బెదరదు అని చెప్పి వెళ్లింది. ఆ తర్వాత ఒక చెకుముకి రాయి బావ కొత్త టైరుని కోసేసింది. నా పాత బండికి ఏమీ కాలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

గోరింగ్‌లో రైలు పట్టుకున్నాం. మర్నాడు నాన్నకి ఫోన్ చేసి తెల్ల గుర్రం గురించి, కమ్మరి గురించి చెబితే ఊ కొట్టాడు. బార్లీ చేను దగ్గరికి రాగానే మాత్రం ఆపి మొదటి నుంచి చెప్పమన్నాడు.

"దారికి పోయిన భూమికి ఆ రైతుకి ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరు నాన్నా."

"ఊరుకున్నాడా?"

"గేటు కూడా తీశాడు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మిరప ధర పడిపోయిందని, ఈసారి కోల్డ్ స్టోరేజీలో పెట్టాలనుకుంటున్నానని మొదలుపెట్టాడు.